గుండె మాత్ర మూర్ఛకు పనికివస్తుందా?

పల్లెల్లో చాలా ఇళ్ళలో మందులన్నీ ఒక్క డబ్బాలోనే ఉంటాయి. తాతగారి రక్తపోటు మాత్రలు, నాయనమ్మ షుగరు మాత్రలు, మనుమరాలి మూర్ఛ మాత్రలు అన్నీ కలిసే పడివుంటాయి. ఆ మనుమరాలికి రెండు రకాల మందులు వాడుతున్నా నెలకు మూడు నాలుగుసార్లు ఫిట్లు వస్తూనే ఉంటాయి. బడికి పంపాలంటే భయం, బావి దగ్గరకు పంపాలంటే భయం. అటువంటి ఇంటికి ఏ పెళ్ళి పిలుపుకో వచ్చిన బంధువు ఒకడు, "పట్నంలో ఒకాయనకు గుండె డాక్టరు ఇచ్చిన మాత్రతో ఫిట్లు పూర్తిగా ఆగిపోయాయట. తాతయ్య వేసుకునేదీ ఆ జాతి మాత్రే కదా, పిల్లకు ఒకటి వేసి చూడరాదూ?" అని సలహా చెబుతాడు.

ఈ సలహాలో కొంత నిజం ఉంది. ప్రమాదం కూడా అక్కడే ఉంది. గుండె జబ్బుకు, రక్తపోటుకు వాడే కొన్ని మందులను మొండి మూర్ఛకు అదనపు మందుగా ఇచ్చి చూడడం డాక్టర్లు దాదాపు నలభై ఏళ్ళుగా చేస్తున్న పనే. ఆ పరీక్షలు ఎలా జరిగాయి, చివరకు ఏమి తేలింది అన్నది ఆ బంధువు దాకా రాలేదు. మనదాకా కూడా రాకపోతే నష్టపోయేది ఆ పిల్లే.

మొండి మూర్ఛ అంటే

పెద్దలు కాకిసొమ్మ అన్నా, డాక్టర్లు ఎపిలెప్సీ అన్నా, మనం ఫిట్లు అన్నా జబ్బు ఒకటే. మెదడులోని నరాల కణాలు ఒక్కసారిగా, అదుపు తప్పి, కట్టకట్టుకుని విద్యుత్తు వదలడం వల్ల వస్తుంది. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఈ జబ్బు ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. సరైన మందు సరిగా వాడితే వీరిలో నూటికి 70 మంది దాకా ఫిట్లు లేకుండా బతకగలరని కూడా ఆ సంస్థే చెబుతోంది.

మిగిలినవారి సంగతే కష్టం. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో డాక్టర్లు 525 మంది రోగులను ఏళ్ళ తరబడి గమనించి 2000లో ఫలితాలు ప్రకటించారు. మొదటి మందుతోనే దాదాపు సగం మందికి ఫిట్లు ఆగాయి. రెండో మందుతో మరికొందరికి ఆగాయి. ఆ రెండూ విఫలమైనవారికి మూడోది పనిచేయడం మాత్రం బహు అరుదు. మొత్తం మీద 63 శాతం మందికి ఉపశమనం దొరికింది. తగిన మందులు రెండింటిని తగిన మోతాదులో వాడినా ఫిట్లు ఆగకపోతే దానిని మందులకు లొంగని మూర్ఛగా పరిగణించాలని అంతర్జాతీయ మూర్ఛవ్యాధి నిరోధక సంఘం 2010లో నిర్వచించింది.

అయితే లొంగలేదని చెప్పే ప్రతి మూర్ఛా నిజంగా మొండిది కాదు. ఉపవాసం నాడు మాత్ర మానేయడం, చీటీలో రెండు పూటలా అని ఉంటే ఒక పూటే వేయడం, సంతకు పోయినప్పుడు తెద్దాంలే అని నాలుగు రోజులు ఖాళీగా ఉంచడం మన ఇళ్ళలో మామూలే. అటువంటప్పుడు తప్పు మందుది అనడం భావ్యం కాదు.

తూము మూసే మందులు

గుండెకూ మెదడుకూ లంకె ఎక్కడ? సున్నంలో ఉండే కాల్షియం దగ్గర. కండరం ముడుచుకోవాలంటే దాని కణంలోకి కాల్షియం ప్రవేశించాలి. అది వెళ్ళడానికి కణం గోడలో చిన్న చిన్న ద్వారాలు ఉంటాయి. చెరువుకు తూము ఎలాగో కణానికి ఈ ద్వారాలు అలాగ. కొన్ని మందులు ఈ తూములను మూసి గుండె మీద, రక్తనాళాల మీద భారం తగ్గిస్తాయని జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయంలో ఆల్బ్రెక్ట్ ఫ్లెకెన్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞుడు 1960లలో కనిపెట్టాడు. వెరాపమిల్, నిఫెడిపిన్ ఆ కోవలోవి. ఈనాడు మన ఉపకేంద్రాల్లో రక్తపోటుకు ఇస్తున్న ఆమ్లోడిపిన్ కూడా ఆ కుటుంబంలోదే.

మెదడులోని నరాల కణాలకు కూడా ఇటువంటి తూములే ఉన్నాయి. ఫిట్టు వచ్చే సమయంలో కాల్షియం వాటిగుండా జొరబడి కణాన్ని మరింత రెచ్చగొడుతుంది. గుండెలో తూము మూసిన మందు మెదడులోనూ మూస్తే ఫిట్లు ఆగవా అన్నది శాస్త్రజ్ఞుల ఆలోచన. పిల్లలు క్షణకాలం కళ్ళు తేలేసి ఆగిపోయే రకం మూర్ఛకు వాడే ఎథోసక్సిమైడ్ పనిచేసేది కూడా ఒక రకం కాల్షియం తూము మీదనే. కనుక ఆలోచన తెలివితక్కువది ఎంతమాత్రం కాదు.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. 1938లో మూర్ఛ మందుగా ప్రపంచానికి పరిచయమైన ఫెనిటోయిన్‌ను తర్వాతి కాలంలో గుండె లయ తప్పినప్పుడు కూడా వాడారు. ఇంకో విశేషం ఏమంటే ఈనాటికీ మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పేదవాడి మూర్ఛ మందుగా నిలిచిన ఫినోబార్బిటోన్ గుణాన్ని ఆల్ఫ్రెడ్ హాప్ట్‌మన్ 1912లో గుర్తించింది కూడా ఆ ఫ్రైబర్గ్‌లోనే.

ఎరువు వేసిన మడి, వేయని మడి

కొత్త ఎరువు మంచిదో కాదో తేల్చాలంటే రైతు ఏం చేస్తాడు? ఒక మడిలో వేసి, పక్క మడిలో వేయకుండా వదిలి, రెండింటి దిగుబడీ చూస్తాడు. పొలమంతా చల్లి, పంట బాగా వచ్చింది కనుక ఎరువు గొప్పదంటే, ఆ ఏడు వానలు బాగా పడ్డాయేమో అని పక్క రైతు నవ్వుతాడు. మందుల పరీక్షా ఇంతే. కొందరికి అసలు మాత్ర, కొందరికి చూడడానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, ఫిట్లు లెక్కపెట్టే డాక్టరుకూ తెలియదు. చీటీలు విప్పేది చివరనే. రోగి అప్పటికే వాడుతున్న మూర్ఛ మందులను మాత్రం ఎవరికీ ఆపరు. కొత్తది వాటికి తోడుగానే ఇస్తారు. అదనపు మందు అనేది అందుకే.

మూర్ఛ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఫిట్లు ఒక నెల విజృంభిస్తాయి, మరో నెల వాటంతట అవే తగ్గుతాయి. మనం డాక్టరు దగ్గరకు పరుగెత్తేది విజృంభించిన నెలలోనే. అప్పుడు ఏ మాత్ర ఇచ్చినా వచ్చే నెల కొంత తగ్గినట్లే కనబడుతుంది. కప్పల పెళ్ళి చేసిన నాలుగో రోజున వాన పడితే కీర్తి కప్పలకు దక్కినట్లు.

ఈ కుటుంబంలో మూర్ఛకు ఎక్కువగా పరీక్షించింది ఫ్లునారిజిన్. ఇది బెల్జియంలో తయారైన మందు. మన దేశంలో దీనిని ఒంటి తలనొప్పికి, తల తిరుగుడుకు వాడుతున్నారు. 1980లలో హాలండులోను, ఆ తర్వాత ఇతర దేశాల్లోను దీనిని మొండి మూర్ఛ రోగులకు ఇచ్చి చూశారు. చాలా పరీక్షల్లో ఒకే రోగికి కొన్నాళ్ళు అసలు మాత్ర, కొన్నాళ్ళు ఉత్తుత్తి మాత్ర మార్చి మార్చి ఇచ్చారు. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఫ్లునారిజిన్ ఒంట్లోకి పోతే ఒక పట్టాన దిగదు, సగం ఖాళీ కావడానికే రెండు మూడు వారాలు పడుతుంది. పశువుల ఎరువు వేసిన మడిని మరుసటి కారులో ఎరువు లేని మడి అంటే ఎవరు ఒప్పుకుంటారు? ఉత్తుత్తి మాత్ర వేసుకుంటున్న కాలంలోనూ అసలు మందు ఒంట్లో మిగిలే ఉంటుంది.

ఈ చిక్కు లేకుండా, రోగులను మొదటి నుంచీ రెండు జట్లుగా విడదీసి, రక్తంలో మందు ఎంత ఉన్నదో కొలుస్తూ జరిపిన పరీక్ష ఫలితాలు అమెరికాలో 1994లో వెలువడ్డాయి. అసలు మందు పొందినవారిలో ఫిట్లు సుమారు నాలుగో వంతు తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర జట్టులోనూ కొద్దిగా తగ్గాయి. గుణం ఉన్నమాట నిజమే గాని, నెలకు నాలుగు ఫిట్లు వచ్చే పిల్లకు మూడు వస్తే బడికి పంపే ధైర్యం తల్లికి వస్తుందా? పైగా ఈ మందుతో మత్తు, ఒళ్ళు రావడం, మనసు దిగులుపడడం, పెద్దవారిలో చేతులు వణకడం, నడక బిగుసుకోవడం వంటివి ఉన్నాయి.

ఇటువంటి పరీక్షలను ఒకచోట చేర్చి జల్లెడ పట్టే కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య బృందం ఒకటి ఉంది. ఆ బృందం 2001లో ఒకసారి, కొత్త పరీక్షల కోసం మళ్ళీ వెదికి 2013లో మరోసారి ఈ మందుల మీద సమీక్ష ప్రచురించింది. ఫ్లునారిజిన్‌కు బలహీనమైన గుణం ఉండవచ్చు, కాని మధ్యలోనే మానేసినవారు ఎక్కువ. నిఫెడిపిన్, నిమోడిపిన్ మందులకు నమ్మదగిన ప్రయోజనం అగుపించలేదు. ఈ కుటుంబాన్ని మూర్ఛకు అదనపు మందుగా సిఫారసు చేయడానికి ఆధారం చాలదని తేల్చారు.

తోడి పారబోసే ఇంజను

ఇంతటితో కథ అయిపోలేదు. వెరాపమిల్ మీద ఆశ వేరే దారిన చిగురించింది. రక్తానికీ మెదడుకూ మధ్య ఒక గట్టు ఉంటుంది. అడ్డమైన పదార్థాలూ మెదడులోకి పోకుండా అది కాపాడుతుంది. ఆ గట్టు మీద పి-గ్లైకోప్రోటీన్ అనే పదార్థం నీళ్ళు తోడే ఇంజను మాదిరి పనిచేస్తూ, లోపలికి వచ్చిన పరాయి వస్తువులను తిరిగి రక్తంలోకి తోసేస్తుంది. మొండి మూర్ఛ రోగులకు ఆపరేషను చేసినప్పుడు తీసిన మెదడు ముక్కలను అమెరికాలో పరీక్షించగా, 19 ముక్కల్లో 11 ముక్కల్లో ఈ ఇంజనుకు సంబంధించిన జన్యువు మామూలు కన్నా పది రెట్లకు పైగా చురుకుగా ఉన్నట్లు తేలింది. ఈ సంగతి 1995లో ప్రచురించారు. మనం వేసిన మాత్రను మెదడు దాకా పోనీయకుండా ఈ ఇంజనే తోడి పారబోస్తోందేమో, అందుకే మూర్ఛ లొంగడం లేదేమో అన్న అనుమానం పుట్టింది. వెరాపమిల్ ఈ ఇంజనును ఆపుతుందని అప్పటికే తెలుసు.

అమెరికాలో 24 ఏళ్ళ యువతికి ఉన్న మందులకు వెరాపమిల్ కలిపి ఇస్తే ఫిట్లు తగ్గి, జీవితం మెరుగుపడిందని 2004లో డాక్టర్లు వ్రాశారు. ఇటలీలో 11 ఏళ్ళ బాలుడికి ఎన్ని మందులిచ్చినా ఆగని మూర్ఛ ఈ మందుతో ఆగిందని 2005లో మరో నివేదిక వచ్చింది. బంధువులు మోసుకొచ్చే కబుర్లకు మూలం ఇటువంటివే. కాని ఇవి ఒక్కొక్క మనిషి కథలు, పక్క మడి లేని పంటలు. ఆ తర్వాత ఉత్తుత్తి మాత్రతో పోల్చి చిన్న పరీక్షలు జరిగాయి గాని, వెరాపమిల్‌ను మూర్ఛ మందుల సరసన కూర్చోబెట్టగల ఫలితం వాటిలో రాలేదు.

ఇంకో అనుమానం కూడా ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. మన ఊళ్ళలో మూర్ఛకు విరివిగా వాడే కార్బమజెపిన్‌ను శరీరంలో కరిగించి పంపేది కాలేయం. వెరాపమిల్ కాలేయం చేసే ఆ పనికి అడ్డుతగులుతుంది. 1986లో గ్లాస్గో డాక్టర్లు కార్బమజెపిన్ వాడుతున్న ఆరుగురికి వెరాపమిల్ ఇవ్వగా, నాలుగు రోజులు తిరగకుండానే వారికి కళ్ళు తిరగడం, తూలడం వంటి విష లక్షణాలు కనిపించాయి. రక్తంలో కార్బమజెపిన్ దాదాపు సగం మేర పెరిగింది. అంటే వెరాపమిల్ వేసినప్పుడు ఎవరికైనా ఫిట్లు తగ్గితే, ఆ ఘనత గుండె మాత్రదో, తెలియకుండానే మోతాదు పెరిగిన పాత మాత్రదో చెప్పడం కష్టం. డబ్బాలో కార్బమజెపిన్ ఉన్న ఇంట్లో తెలియక వెరాపమిల్ కూడా వేస్తే పిల్ల తూలి పడుతుంది. దానిని చూసి జబ్బు ముదిరిందనుకుని ఇంకో మాత్ర వేసేవాళ్ళూ ఉంటారు.

ఎదురు దెబ్బ కూడా ఉంది. ఫెనిటోయిన్, ఫినోబార్బిటోన్, కార్బమజెపిన్ మందులు ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ వంటి రక్తపోటు మందుల బలాన్ని తగ్గిస్తాయి. మూర్ఛ, రక్తపోటు రెండూ ఉన్న పెద్దవారు ఒక డాక్టరు రాసిన చీటీని రెండో డాక్టరుకు చూపించవలసింది అందుకే.

సింకోనా చెట్టు బెరడు

మలేరియాకు క్వినైన్ మింగిన నోటి చేదు పెద్దవాళ్ళకు ఇంకా గుర్తుండే ఉంటుంది. ఆ సింకోనా చెట్టు బెరడు నుంచే వచ్చే క్వినిడిన్ గుండె లయను సరిచేసే మందు. కెసిఎన్‌టి-1 అనే జన్యువులో లోపం వల్ల కొందరికి అతి మొండి మూర్ఛ వస్తుంది. లోపం వల్ల అతిగా తెరుచుకునే ద్వారాన్ని క్వినిడిన్ మూయగలదని ప్రయోగశాలలో తేలింది. ఆ లోపమున్న ఒక పసిబిడ్డకు దీనితో ఎంతో మేలు జరిగిందని 2014లో అమెరికా డాక్టర్లు తెలియజేయగానే దేశదేశాల తల్లిదండ్రులు ఆశపడ్డారు. ఆస్ట్రేలియాలో ఆరుగురు రోగులతో, ఉత్తుత్తి మాత్రతో పోలుస్తూ పరీక్ష జరిపి 2018లో ఫలితం ప్రకటించారు. మొదటి ఇద్దరికే గుండె విద్యుత్తు నడకలో ప్రమాదకరమైన మార్పు కనిపించడంతో మోతాదు తగ్గించవలసి వచ్చింది. ఫిట్లు తగ్గనూ లేదు. ఆరుగురే కదా అనవచ్చు. కాని ఆ ఆరుగురు గుండె మీదికి తెచ్చుకోబట్టే మిగతావారికి ఈ సంగతి తెలిసింది.

మరి పట్నంలో ఆయనకు ఎలా తగ్గింది?

బంధువు చెప్పిన కథ అబద్ధమే కానక్కరలేదు. ఆయనకు అసలు మూర్ఛ లేదేమో. గుండె లయ తప్పి కొన్ని క్షణాలు మెదడుకు రక్తం అందకపోయినా మనిషి విరుచుకుపడతాడు, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాడు. చూసేవారికి అది అచ్చం ఫిట్టే. ఇంగ్లండులోని మాంచెస్టరులో మూర్ఛ అని ముద్రపడినా మందులతో తగ్గనివారు, మూర్ఛేనా అని అనుమానమున్నవారు కలిసి 74 మందిని గుండె పరీక్షలతో జాగ్రత్తగా చూస్తే 31 మందికి, అంటే నూటికి 42 మందికి, అసలు జబ్బు వేరే అని తేలింది. ఈ వివరాలు 2000లో వెలువడ్డాయి. అటువంటివారికి ఏళ్ళ తరబడి మూర్ఛ మాత్రలు మింగించినా తగ్గదు, సరైన గుండె వైద్యంతో తగ్గుతుంది. అందులో వింత లేదు.

కనుక పిల్లకో పెద్దకో మూర్ఛ లొంగడం లేదంటే గుండె మాత్ర అడగడం కన్నా గుండె పరీక్ష అడగడం మేలు. పరుగెత్తుతుండగానో, ఈత కొడుతుండగానో, హఠాత్తుగా ఉలిక్కిపడినప్పుడో పడిపోవడం, పడేముందు ముఖం పాలిపోవడం, నిమిషం లోపే తేరుకుని మామూలుగా మాట్లాడడం, ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉండడం, ఇవి డాక్టరుకు తప్పక చెప్పవలసిన సంగతులు. ఇ.సి.జి. అనే పట్టీ తీయడం నొప్పి లేని పని, ఏరియా ఆసుపత్రిలోనూ తీస్తారు.

నిజమైన మొండి మూర్ఛకు వేరే దారులు ఉన్నాయి. మెదడులో ఒకే చోట నుంచి ఫిట్లు పుడుతుంటే ఆపరేషను గురించి ఆలోచించవచ్చు. ఢిల్లీ ఎయిమ్స్‌లో 18 ఏళ్ళ లోపు 116 మందిని రెండు జట్లు చేసి జరిపిన పరీక్ష ఫలితం 2017లో వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆపరేషను జరిగినవారిలో 77 శాతం మందికి ఫిట్లు ఆగిపోగా, మందులతోనే ఉన్నవారిలో ఆగింది 7 శాతం మందికే. పావువంతు తగ్గించిన మాత్రకూ దీనికీ పోలికే లేదు. అందరికీ ఈ ఆపరేషను పనికిరాదన్న మాట నిజమే. పనికివస్తుందో లేదో చూసేవారు మాత్రం హైదరాబాదు నిమ్స్‌లోనూ, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలోనూ ఉన్నారు. జిల్లా ఆసుపత్రి నుంచి చీటీ రాయించుకుని వెళ్ళవచ్చు.

వెళ్ళేటప్పుడు పాత చీటీలన్నీ, ఖాళీ మాత్రల అట్టలతో సహా తీసుకుపోవాలి. ఫిట్లు వచ్చిన తేదీలు క్యాలెండరు మీద గుర్తుపెట్టి ఉంచితే డాక్టరుకు పని సులువు. ఇంట్లో ఎవరి ఫోనులోనైనా ఫిట్టు వచ్చినప్పుడు నిమిషం పాటు వీడియో తీసి ఉంచితే ఇంకా మంచిది. అది మూర్ఛో, గుండె జబ్బో చాలాసార్లు దానితోనే పోల్చుకోగలరు.

అంతవరకూ వాడుతున్న మూర్ఛ మాత్రను ఒక్కపూట కూడా ఆపరాదు. హఠాత్తుగా ఆపితే ఫిట్లు వరసపెట్టి రావచ్చు. ఫిట్టు వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో చెంచా కుక్కడం మాని, పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయాలి. తాతగారి మాత్రలకు వేరే డబ్బా పెట్టడానికి మాత్రం ఏ డాక్టరునూ అడగనక్కరలేదు, ఈ పూటే పెట్టవచ్చు.